జొన్నపాతరలో గ్రంథాలయం

కామారెడ్డిలో నేను దారి తప్పుతానని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని. మొన్న తప్పాను. కంటి డాక్టరు నా కళ్లలో ఏవో చుక్కలు వేసి, మందు పనిచేసేదాకా బయట బల్లమీద కూర్చోమన్నాడు. నేను కూర్చునే రకం కాదు. ఇంత దూరం వచ్చాక మా నాన్న దోస్తు హకీం సాబ్ దవాఖాన ఒకప్పుడు ఉన్న జాగా ఒకసారి చూసిపోదామని మెల్లగా స్టేషన్ వైపు నడిచాను. అంతలో మందు పనిచేయడం మొదలుపెట్టింది. దుకాణాల మీది అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. ఒక ఆటో అబ్బాయిని ఆపి హకీం దవాఖాన ఎటు అని అడిగాను. "ఏ దవాఖాన అవ్వా? బొక్కలదా, పండ్లదా?" అన్నాడు. యునాని దవాఖాన నాయనా అంటే పక్క ఆటో అతన్ని అడిగాడు. ఇద్దరూ కలిసి నన్ను పూలమ్మే ఒక ముసలాయన దగ్గరికి పంపారు. ఆయన "అదా, అది ఎన్నడో వాయె" అని ఒక ఫోన్ల దుకాణం వైపు చెయ్యి చూపించాడు. మళ్లీ కాసేపు ఆలోచించి, "కాదు కాదు, దాని యెన్క" అన్నాడు. దుకాణం ముందు ఒకసారి, వెనక సందులో ఒకసారి నిలబడ్డాను. రెండు చోట్లా అదే అనిపించింది, రెండు చోట్లా కాదనీ అనిపించింది. ఇంటికి వచ్చాక చూపు తేరుకుంది కానీ అయోమయం మాత్రం వదలలేదు. నిజానికి అది మొన్న మొదలైంది కూడా కాదు. నా చిన్నతనంలో ఎల్లారెడ్డిలో మా ఇంటి ముందరి అర్రలో ఒక గ్రంథాలయం ఉండేదా, లేదా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు.

ఉండేదనే అనుకుందాం. పెట్టినవాడు మా బాపు, అంటే మా నాన్న. మాది వ్యవసాయం. జొన్న, కొంత వరి, ఇంటి చాకిరీకి సరిపడా పశువులు. బాపు చిన్నప్పుడు కామారెడ్డిలో ఉర్దూ బడిలో చదివాడు. తెలుగు బడి లేదు కాబట్టి తెలుగు తనంతట తాను నేర్చుకున్నాడు. అలా కష్టపడి సంపాదించుకున్న దానిమీద ఉండే యావ ఆయనకు తెలుగు పుస్తకాల మీద ఉండేది. ఆ ఉర్దూ బడిలో ఆయన పక్కన కూర్చున్నవారే హకీం సాబ్. తరువాత తండ్రి దగ్గర యునాని వైద్యం నేర్చుకుని కామారెడ్డిలో స్టేషన్ దగ్గర దవాఖాన పెట్టుకున్నారు. బాపు బెజవాడ నుంచి పుస్తకాలు తెప్పించేవాడు. నిజాం రాజ్యంలో ఒక పల్లెటూరి పటేలు ఇంటికి తెలుగు పుస్తకాల కట్ట వచ్చిందంటే, అందులో ఏముందో, ఎందుకు తెప్పించావో, ఎవరెవరు చదువుతారో నలుగురికి చెప్పుకోవలసి వచ్చేది. అందుకని కట్టలు హకీం సాబ్ పేరుమీద రైల్లో దిగేవి. ఆయన వాటిని మందుల పెట్టెల్లో సర్ది మా కచ్చురం బండి ఎక్కించేవారు. అందువల్ల మా ఇంట్లో పుస్తకాలకు కాగితం వాసన ఉండేది కాదు. గుల్‌కందు, సోంపు, ఇంకా పేరు తెలియని ఏవో ఎండు వేళ్ల వాసన కలిసి ఉండేది. పుస్తకాలకు సహజంగానే ఆ వాసన ఉంటుందని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. పెద్దయ్యాక హైదరాబాదులో మొదటిసారి ఒక కొత్త పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది పాడైపోయిందేమోనని దుకాణం అతనికి తిరిగి ఇవ్వబోయాను.

పెట్టె ఇంట్లో దిగగానే మొదట అవ్వ చేతిలో పడవలసిందే. అవ్వ అంటే బాపు తల్లి. ఆయన ఆమెను అవ్వా అని పిలుస్తుంటే విని మేమూ అలాగే పిలిచేవాళ్లం. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ ఇంట్లోకి వచ్చిన ఏ వస్తువైనా పాడవకుండా దాచడంలో ఆమె తరువాతే ఎవరైనా. కంది బేడలకు ఆముదం పట్టించడం, చింతపండును ఉప్పు రాసి కుండలో అణచిపెట్టడం, విత్తనాలను బూడిదలో కలపడం, ఇవన్నీ పొద్దున లేచింది మొదలు ఆమె చేసే పనులు. పుస్తకాలనూ అలాగే చూసింది. ఒక్కొక్కదాన్ని విదిలించి, చీరకొంగుతో తుడిచి, మధ్యలో ఎండిన వేపాకు పెట్టి బాపుకు అందించేది. అది ఏ పుస్తకమని ఎన్నడూ అడగలేదు. "గీ బరువున్నది జర మంచిగున్నది" అనేది, లావు పుస్తకం చేతికి వస్తే.

ఆమె పనితనమంతా కనిపించేది జొన్నపాతర దగ్గర. ఇప్పటి పిల్లలకు పాతర తెలియదు. పెరట్లో ఎత్తైన జాగాలో మనిషి దిగేంత లోతు గుంత తీసి, లోపల మంటపెట్టి గోడలు కాల్చి, చుట్టూ గడ్డి పేర్చి జొన్నలు పోస్తారు. పైన మళ్లీ గడ్డి, బూడిద, దానిమీద మట్టితో మూత వేసి మెత్తుతారు. ఇక వానలు వెళ్లేదాకా దాని జోలికి పోరు. మా పాతర అవ్వ కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆమె చేతిలోనే ఉంది. కరువు వచ్చినప్పుడు ఊరు సగం ఆ పాతర తిని బతికిందని చెప్పుకునేవారు. ఇందులో అవ్వ కోతలెన్నో, నిజమెంతో నాకు తెలియదు. దానిలో పెట్టింది చెడిపోదన్నది మాత్రం ఆమెకు పొద్దు పొడుస్తుందన్నంత నమ్మకం.

ముందరి అర్రలో గోడకు రెండు పలకలు కొట్టి బాపు పుస్తకాలు పేర్చాడు. కింద చాప పరిచాడు. సాయంత్రాలు నలుగురు వచ్చేవారు. మగ్గం నేసే ఆయన, బడి పంతులు, నాగిరెడ్డిపేట నుంచి బంధువుల ఇంటికని వచ్చి ఇక్కడే పొద్దుపుచ్చే ఒక రైతు, ఇంకా ఎవరెవరో. చదవడం రానివారు చదవగలిగినవారి నోటివెంట వినేవారు. కానీ గ్రంథాలయమని బోర్డు పెట్టాలంటే సర్కారు ఇజాజతు, అంటే అనుమతి, కావాలి. దరఖాస్తు ఉర్దూలో హకీం సాబే రాసిపెట్టారు. బాపు వీలున్నప్పుడల్లా తహసీలు కచేరికి వెళ్లి అడిగి వచ్చేవాడు. వచ్చి కాళ్లు కడుక్కుంటూ, "జేరె తజ్వీజ్" అనేవాడు. ఆలోచనలో ఉంది అని దాని అర్థం. అవునని కాదు, కాదని కాదు. దాంతో మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియకుండా పోయింది. ఎవరైనా తలుపు తడితే, పుస్తకాలు కనపడనివ్వాలా, దాచాలా అని అమ్మ వంటింట్లోంచి బాపు ముఖం చూసేది. అది ఆయనకూ తెలిసేది కాదు. ఒకరోజు తలుపులు బార్లా తెరిచేవాడు, ఇంకోరోజు పట్టపగలు గొళ్లెం పెట్టించేవాడు.

ఇజాజతు వస్తుందన్న ఆశ మాత్రం వదల్లేదు. వచ్చిన రోజున పదిమందిని పిలిచి ఉపన్యాసం చెయ్యాలని ఆయన కోరిక. దేశదేశాల గ్రంథాలయాలు ఎట్లా పుట్టాయో, ఎన్ని కష్టాలు పడ్డాయో చెబితే తన రెండు పలకలకు కూడా కొంత మర్యాద వస్తుందని కాబోలు. అవ్వ మోకాళ్ల నొప్పులకు మందు ఇవ్వడానికి హకీం సాబ్ వచ్చిన ఒక మధ్యాహ్నం ఆయన్ను పట్టుకున్నాడు. "హకీం సాబ్, మీ యునాని మందు యునాన్ దేశంలనే పుట్టింది గద. ఆడ గ్రంథాలయాలు ఎట్లుంటుండెనో జెప్పుండ్రి" అన్నాడు. హకీం సాబ్‌కు మాట్లాడమంటే చాలు, అందులోనూ యునాన్ గురించి, అంటే గ్రీకు దేశం గురించి. దిండుకు ఆనుకుని, పాన్‌దాన్ దగ్గరికి లాక్కుని మొదలుపెట్టారు.

"మొదాల బుక్కులు అంటే చుట్టలు, భాయ్. తుంగతోని చేసిన కాగితం, సాపలెక్క చుట్టి పెడుతుండె. ఒక ఉస్తాదు దగ్గర ఉంటే శాగిర్దులు నకలు రాసుకుంటుండె. యునాన్‌ల కుతుబ్‌ఖానా గట్లనే షురువైంది, ఒకల ఇంట్ల." కుతుబ్‌ఖానా అంటే గ్రంథాలయమే. ఇంటిమాట వినగానే బాపు నిటారుగా కూర్చున్నాడు. తరువాత రాజులకు పోటీ పట్టుకుందట. యునాన్ వాళ్లు సముద్రం దాటి పోయి ఏలిన ఇస్కందరియాలో, అంటే అలెగ్జాండ్రియాలో, రేవులో ఆగిన ప్రతి ఓడనూ సోదా చేసి, పుస్తకం ఉంటే లాక్కుని, నకలు రాసి నకలే తిరిగి ఇచ్చి అసలు తామే ఉంచుకునేవారట. ఇంకో నగరపు రాజు అంతకన్నా పెద్దది కడతానంటే, అతనికి కాగితం అమ్మొద్దని వీళ్లు ఆపేశారట. అతను గొర్రెతోలు మీద రాయించుకున్నాడట. ఆ గొర్రెతోలు మాట విని అమ్మ లోపల అయ్యో అన్నది. "ఒక పెద్ద ఉస్తాదు పోయినంక ఆయన బుక్కులు ఎవలికో వాయె. రాజు మనుషులు ఊరూరా బుక్కులు గుంజుకపోతున్నరని తెలిసి, ఆ ఇంటోళ్లు గుంత తవ్వి అన్ని పాతిపెట్టిన్రు" అని హకీం సాబ్ చెబుతుండగా దూడ తాడు తెంపుకుంది. తలుపు చాటున కూర్చుని వింటున్న అవ్వ దాన్ని పట్టడానికి పెరట్లోకి వెళ్లింది.

ఆమె తిరిగి వచ్చేసరికి కథ చాలా దూరం పోయింది. ఇస్కందరియా కాలిపోయింది. ఎవరు కాల్చారని బాపు అడిగితే హకీం సాబ్ తల గోక్కున్నారు. "ఒకడు గీ రాజు ఫౌజు అంటడు, ఇంకొకడు గా మతపోళ్లు అంటడు, మావోళ్లే కాల్చిన్రని కూడా అంటరు. ఎవలికీ తెల్వది." కాలగా మిగిలినవి కొన్ని కొండల మీది సన్యాసుల మఠాల్లో నకళ్లయ్యాయి. కొన్ని బాగ్దాదు చేరి అరబ్బీలోకి మారాయి. ఫార్సీలో పడి, ఉర్దూలో తేలి, చివరికి కామారెడ్డిలో తన దవాఖాన గూట్లో ఉన్న వైద్యగ్రంథాలయ్యాయి. యునాన్ దేశం తురుష్కుల చేతి నుంచి బయటపడ్డాక పెద్ద గ్రంథాలయం పెట్టుకుందామంటే జాగా లేక కొంతకాలం స్నానశాలలో, కొంతకాలం గుడిలో పుస్తకాలు ఉంచారట. ఇదంతా విని బాపుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. నా తలలో ఓడలు తప్ప మరేమీ మిగలలేదు. అవ్వ మాత్రం ఒక్కటే అడిగింది. "గయి దొరికినయా బిడ్డా, గుంతల వెట్టినయి?" హకీం సాబ్ పాన్ చుట్టుకుంటూ, "దొరికినయమ్మా, శానేండ్లకు" అన్నారు. అది అబద్ధం కాదు. కానీ అవి తడికి కుళ్లి, పురుగు కొట్టి, చిల్లులు పడి దొరికాయన్న మాట దూడ తాడు తెంపుకున్నప్పుడు వెళ్లిపోయింది. మళ్లీ చెప్పాలని ఆయనకు తోచలేదు, అడగాలని ఆమెకు తోచలేదు.

ఆ ఎండాకాలం చివర బాపు కామారెడ్డి వెళ్లాడు. మేము పాతర నింపే పనిలో ఉన్నాం. అప్పుడు ఊళ్లో ఒక గాలివార్త లేచింది. కచేరి జవాను బజారులో నిలబడి, పుస్తకాలుండే ఇల్లు ఏదని అడిగాడట. మగ్గం ఆయన పరుగున వచ్చి, "పటేలమ్మా, సోదాకొస్తున్నరట" అన్నాడు. ఆ జవాను అడిగింది వేరే పనికి అని తరువాత తెలిసింది. బాపు దరఖాస్తు ఎట్టకేలకు కదిలి, గ్రంథాలయం ఉందో లేదో కళ్లారా చూసి రమ్మని రెవెన్యూ తనిఖీలు చూసే గిర్దావరుకు హుకుం వచ్చింది. గిర్దావరు తోవ కనుక్కోమని జవానును పంపాడు. అంతే. ఆ సంగతి మాకు చెప్పేవారు ఎవరు? బాపు ఊళ్లో లేడు. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. అవ్వ మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఏడిస్తే ఏమొస్తది? బుక్కులు తే" అన్నది నన్ను. పలకల మీదివన్నీ నా చేత మోయించింది. బాపు పెళ్లినాటి దుప్పట్లో మూట కట్టింది. పాతర సగం నిండి ఉంది. మూటను జొన్నల మీద దించి, చుట్టూ వేపాకు కూరి, పైన మిగతా జొన్నలు పోయించి, గడ్డి కప్పి మట్టి మెత్తింది. మట్టి నున్నగా అయ్యేదాకా అరచేత్తో అలికింది. ఖాళీ పలకల మీద ఎల్లిగడ్డ, అదే వెల్లుల్లి, కట్టలు, ఎండుమిరపకాయల బుట్టలు సర్దింది. తరువాత నా రెక్క గట్టిగా పట్టుకుని, "ఎవలడిగినా బుక్కులు లెవ్వనాలె. మీ బాపు అడిగినా గట్లనే అనాలె. ఆయన్ని పట్టుకొచ్చి అడిగిస్తరు" అన్నది. బాపును పట్టుకురావడమేమిటో, ఆయన చేత అడిగించడమేమిటో నాకు బోధపడలేదు. తల మాత్రం ఊపాను.

మూత మీది మట్టి ఇంకా ఆరనే లేదు, మా కచ్చురం వాకిట్లో ఆగింది. బాపు దిగాడు. వెనకే, దారిలో ఎక్కించుకున్న గిర్దావరు, ఒక జవాను. బాపు నవ్వుతున్నాడు. అదే నన్ను అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టింది. పట్టుకొచ్చినవాడు నవ్వుతాడా? బెదిరించి నవ్విస్తున్నారేమో అనుకున్నాను. ఆయన గిర్దావరుకు దారి చూపిస్తూ ముందరి అర్ర తలుపు తెరిచి అలాగే నిలబడిపోయాడు. ఎల్లిగడ్డ వాసన గుప్పున వచ్చింది. "కుతుబ్‌ఖానా ఏది?" అన్నాడు గిర్దావరు. అవ్వ కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది. "మా ఇంట్ల బుక్కులేందయ్యా? మా కొడుకు మందులు తెప్పిస్తడు, నా మోకాళ్లకు. గంతే." బాపు ఆమెను చూశాడు, పలకలను చూశాడు. తరువాత నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "సుగుణా, మన బుక్కులేవి బిడ్డా?" అన్నాడు, ఇంకా నవ్వు పూర్తిగా పోని ముఖంతో. నేను అవ్వ వైపు చూసి, "ఏ బుక్కులు బాపూ?" అన్నాను. ఆయన్ను కాపాడుతున్నాననే అనుకున్నాను. ఆ నవ్వు ఎట్లా పోయిందో నేను ఎదురుగా చూశాను. ఆ ముఖం మర్చిపోదామంటే ఇన్నేళ్లకూ నావల్ల కాలేదు.

గిర్దావరు చెడ్డవాడు కాదు. అమ్మ ఇచ్చిన చల్ల తాగి, పాపం కొంచెంసేపు ఎదురుచూశాడు కూడా. దాచారని బాపుకు అప్పటికే అర్థమై ఉంటుంది. కానీ దాచారని చెబితే, దాచవలసిన పుస్తకాలు ఏం పుస్తకాలని తరువాతి ప్రశ్న వస్తుంది. చెప్పకపోతే గ్రంథాలయం లేదని తేలుతుంది. ఏం చెప్పినా చిక్కే. గిర్దావరు మోకాలి మీద కాగితం పెట్టుకుని, మౌకా మీద, అంటే వచ్చి చూసిన చోట, కుతుబ్‌ఖానా ఏదీ కనపడలేదు అని రాసి, పైకి చదివి, బాపు చేత దస్తకతు చేయించుకుని వెళ్లిపోయాడు. అలా, ఉన్నన్నాళ్లూ ఇజాజతు లేని మా గ్రంథాలయం, ఇజాజతు ఇవ్వడానికి మనిషి వచ్చిన రోజున లేకుండా పోయింది. ఈ వాక్యం రాసి నేనే రెండుసార్లు చదువుకున్నాను. ఇలాగే జరిగింది, ఏం చెయ్యను?

ఆ సాయంత్రమే పాతర తీద్దామని బాపు పలుగు పట్టుకున్నాడు. పెరట్లోకి వెళ్లేసరికి మొదటి చినుకులు పడ్డాయి. అవ్వ మూతకు అడ్డంగా కూర్చుంది. "వానల పాతర తీస్తే జొన్నలన్ని ముక్కిపోతయి కొడుకా. ఏడాది తిండి. జీతగాండ్లకేం గొలుస్తవు?" అన్నది. బాపు పలుగు దించలేదు. "బుక్కులు ఖరాబైతయే అవ్వా" అన్నాడు. "నా పాతరల ఎన్నడన్న ఏదన్న ఖరాబైందా?" అని అవ్వ నిజంగానే నొచ్చుకుంది. వాన పెరిగింది. తల్లీకొడుకులిద్దరూ తడుస్తూ అలాగే ఉన్నారు. చివరికి బాపు పలుగు గోడకు ఆనించి లోపలికి వచ్చాడు. జొన్నలా, పుస్తకాలా అంటే ఆ ఇంట్లో ఎవరైనా జొన్నలే అంటారు. ఆయనా అదే అన్నాడు, నోటితో అనలేదు, అంతే. ఆ వానాకాలమంతా ఆయన అన్నం తింటూ తింటూ ఆగి పెరటి వైపు చూసేవాడు. ముందరి అర్రకు పాత అలవాటు చొప్పున మనుషులు వచ్చి, ఎల్లిగడ్డల కింద కాసేపు కూర్చుని, వాన గురించి మాట్లాడుకుని వెళ్లేవారు. అమ్మకు మాత్రం ఎవరు తలుపు తట్టినా భయం లేకుండా పోయింది. దానికి సంతోషపడాలో లేదో ఆమెకూ తెలిసినట్టు లేదు.

దసరా వెళ్లాక పాతర తీశారు. మూత తీయగానే వేడి ఆవిరి పైకి కొట్టింది. ఆ గాలి పోయేదాకా ఎవరూ దిగకూడదు. ఆ కాసేపు బాపు గుంత చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. జొన్నలు బంగారంలా ఉన్నాయి. అవ్వ ఒక గుప్పెడు తీసి అందరికీ చూపించింది. తరువాత మూట వచ్చింది. దుప్పటి విప్పితే పుస్తకాలు లేవు. గోధుమరంగు ఇటుకలున్నాయి. జొన్నల ఉమ్మకు బంక కరిగి, కాగితం కాగితం పట్టుకుని, పైన బూజు కట్టి, అంచుల్లో పురుగు తిని చిల్లులు చేసింది. గుల్‌కందు వాసన ఎక్కడో పోయి, పులిసిన పిండి వాసన వచ్చింది. బాపు ఒక ఇటుకను చేతిలోకి తీసుకుని తెరవబోయాడు. అది మధ్యలో విరిగింది. ఆయన అక్కడే ఆ మట్టిలో చతికిలబడి, చిన్నపిల్లవాడిలా మోచేత్తో ముఖం కప్పుకున్నాడు. నేను బాపు ఏడవడం అంతకుముందు చూడలేదు. అవ్వ చేతిలోని జొన్నలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆమె వాటిని, ఇటుకలను మార్చి మార్చి చూస్తోంది. ఒకే గుంతలో, ఒకే చేత్తో పెట్టినవి ఇవి ఇట్లా, అవి అట్లా ఎందుకైనాయో ఆమెకు అర్థం కాలేదు. "ఉస్తాదు బుక్కులు దొరికినయన్నడు గద హకీం" అని గొణిగింది.

కబురు తెలిసి హకీం సాబ్ వచ్చారు. జరిగింది విని, తన కథలో అవ్వ వినని ముక్క ఏదో తెలుసుకుని, చాలాసేపు పాన్‌దాన్ మూత కూడా తెరవలేదు. బాపు కొంచెం కటువుగానే అడిగాడు. "ఆ కుళ్లిన బుక్కులను ఏం జేసిన్రు మరి, మీ యునాన్‌ల?" హకీం సాబ్ నేల చూస్తూ చెప్పారు. "ఒకడు కొన్నడు. చిల్లులున్న కాడ తనకు తోచింది రాసి నింపిండు. తప్పులే రాసిండట. జనం గవే సదువుకున్నరు, శాన దినాలు." బాపు "తప్పులతోనా?" అన్నాడు. "తప్పులతోనే, భాయ్" అన్నారు ఆయన.

మర్నాటినుంచి అవ్వ పని మారింది. చింతపండు, బేడలు అన్నీ అమ్మకు వదిలేసింది. పొద్దున పని కాగానే ఇటుకలను ఆవిరి పట్టి, జడసూదితో ఒక్కొక్క పొర విడదీసి, తడిక మీద ఆరబెట్టేది. మోకాళ్లు సహకరించకపోయినా లేచేది కాదు. విడిన కాగితం విడినట్టు నా ముందు పెట్టి, "సదువు, ఏమున్నది?" అనేది. పుస్తకాలు ఇంట్లో ఉన్నన్నాళ్లూ అడగనిది అప్పుడు అడగడం మొదలుపెట్టింది. నేను చదివేదాన్ని. సగం వరస ఉండేది, సగం చిల్లు. చిల్లు దగ్గర ఆగితే అవ్వ ముఖం వాడిపోయేది. "గంతేనా?" అనేది. అందుకని ఆగడం మానేశాను. ఓడల మీద వ్యాపారం చేసే ఒక వర్తకుడి కథ ఉండేది. ఓడ తుఫానులో చిక్కుకున్నాక ఒక్క పేజీ కూడా విడిపోలేదు. సముద్రం ఎట్లా ఉంటుందో నాకేం తెలుసు? నేను చూసిన నీళ్లు పోచారం చెరువు ఒక్కటే. వర్తకుణ్ణి తీసుకొచ్చి పోచారం కట్టకు చేర్చాను. "పోచారంల ఓడ వడతదా?" అని అవ్వ అనుమానపడింది. నిండినప్పుడు పడుతుందన్నాను. "గప్పుడైతే పడతది" అని ఒప్పుకుంది.

చాలా ఏళ్ల తరువాత, బాపు, అవ్వ ఇద్దరూ పోయాక, కోఠిలో పాత పుస్తకాలు అమ్మేచోట ఆ వర్తకుడి కథ పూర్తి పుస్తకం దొరికింది. అక్కడే నిలబడి చివరి పేజీలు చదివాను. వర్తకుడు తుఫానులో చనిపోతాడు. నేను నమ్మలేక ముందుకు వెనక్కు తిప్పాను. ఇందులో ఏదో పోయిందనే అనిపించింది, ఒక్క చిల్లు కూడా లేకపోయినా. కథలు రాసేదాన్నని ఈ మధ్య గ్రంథాలయాలకు నన్ను పిలుస్తున్నారు, శాలువా కప్పడానికి. అద్దాల బీరువాలు, ఫ్యాన్లు, కంప్యూటర్లు, పరీక్షలకు చదువుకునే పిల్లలతో నిండిన బల్లలు చూస్తే కడుపు నిండుతుంది. ఇజాజతు ఎవరూ అడగరు, దాచవలసిన పనీ లేదు. కానీ అక్కడ నాలుగు మాటలు చెప్పమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. మా గ్రంథాలయాన్ని చంపింది భయమా, అవ్వ ప్రేమా, వానా, నేను అన్న ఆ రెండు మాటలా? అది నిజంగా చచ్చిందా? ఇస్కందరియాను ఎవరు కాల్చారన్నదే ఇంతవరకు తేల్చలేకపోయారు. ఎల్లారెడ్డి సంగతి నేనొక్కదాన్ని తేల్చగలనా?

పాతర తీసిన ఆ ఏడాదే, చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, ముందరి అర్ర గుమ్మంలో ఎండ పడేచోట కూర్చుని అవ్వకు చదువుతున్నాను. చాపమీద ఎప్పటివాళ్లే నలుగురు, ఎల్లిగడ్డల కింద. వాళ్లు మాటలు ఆపి వింటున్నారని నేను గమనించలేదు. బాపు పొలం నుంచి వచ్చి తలపాగా తీస్తూ గుమ్మంలో ఆగాడు. ఆ పుస్తకాలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. నేను చదువుతున్నదాంట్లో ఏది అచ్చులో ఉందో, ఏది లేదో ఆయనకు తెలియకుండా ఉండదు. నేను చదవడం ఆపేశాను. ఆయన మెల్లగా కూర్చుని, నా చేతిలోని చిల్లుల కాగితం వైపు చూశాడు. గిర్దావరు వచ్చిన నాటినుంచి ఆయన నన్ను ఏదీ అడగలేదు. "గిదంతా బుక్కుల ఉన్నదా బిడ్డా, నువ్వు జెప్తున్నవా?" అన్నాడు. నేను కాగితం చూసుకున్నాను. నిజంగానే నాకు తెలియలేదు. అప్పటికి అన్నిసార్లు చదివి, ఎక్కడ అక్షరం ఆగి ఎక్కడ నేను మొదలయ్యానో మరిచిపోయాను. "నాకు తెలుస్తలేదు బాపూ" అన్నాను. ఏడుపు వచ్చింది.

బాపు లేచి వెళ్లి పలకల మీది ఎల్లిగడ్డ కట్టలు, మిరపకాయల బుట్టలు ఒక్కొక్కటీ దించి కింద పెట్టాడు. తడిక మీద ఆరిన కాగితాలను తెచ్చి, కలిసిపోయినవి కలిసినట్టే, విరిగినవి విరిగినట్టే అక్కడ పేర్చాడు. తరువాత వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి వచ్చి, చాపమీద ఆ నలుగురి పక్కన కూర్చున్నాడు.

"జర గట్టిగ సదువు బిడ్డా" అన్నాడు. "యెన్క ఉన్నోళ్లకు ఇనబడాలె."